డీజిలా, పెట్రోలా? ముందు మీ నెల కిలోమీటర్లు చెప్పండి

ప్రశ్న: మేం మిర్యాలగూడలో ఉంటాం. నేను టీచర్‌ని. మా బడి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో. ఇన్నాళ్లూ స్కూటీ మీదే వెళ్లాను, నడుంనొప్పి మొదలయ్యాక కారు కొందామనుకుంటున్నాం. నెలకోసారి హైదరాబాద్‌లో చదువుకుంటున్న అబ్బాయి దగ్గరికి వెళ్లొస్తాం. తెలిసినాయన దగ్గర రెండు బండ్లున్నాయి. ఒకటి 2014 స్విఫ్ట్ డీజిల్, 1,18,000 కిలోమీటర్లు తిరిగింది, 3.60 లక్షలు చెబుతున్నారు. రెండోది 2016 వ్యాగన్ ఆర్ పెట్రోల్, 62,000 తిరిగింది, 2.90 లక్షలు. మైలేజీ వస్తుందని మావారు డీజిల్ అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: అమ్మా, నేను ఆర్టీసీ గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. డీజిల్ ఇంజన్ అంటే ప్రాణం. అయినా మీకు మాత్రం వ్యాగన్ ఆరే తీసుకోమంటాను. ఎందుకో లెక్క చెబుతాను, ఈ ముక్క సార్‌కే చదివి వినిపించండి.

బడికి రానుపోను, నెలకోసారి హైదరాబాద్, అంతా కలిపినా మీ బండి నెలకు ఏడు వందల కిలోమీటర్ల చిల్లర తిరుగుతుంది. లీటరు పెట్రోల్ 108, డీజిల్ 96 రూపాయలు అనుకుందాం. వ్యాగన్ ఆర్ 17, స్విఫ్ట్ డీజిల్ 20 ఇస్తాయనుకుందాం. కంపెనీ కాగితం మీద ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది గానీ, ఆ కాగితం రాసినవాళ్లు మన రోడ్ల మీద తోలి రాయలేదు. అంటే కిలోమీటరుకు పెట్రోల్ బండికి 6 రూపాయల 35 పైసలు, డీజిల్ బండికి 4 రూపాయల 80 పైసలు. నెలకు మిగిలేది పదకొండు వందలు, ఏడాదికి పదమూడు వేలు. స్విఫ్ట్‌కి మీరు ఎక్కువ పెట్టేది 70 వేలు. ఆ 70 వేలు తిరిగి రావడానికే అయిదేళ్లు దాటుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కుంది. సొంత కారుకి ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. 2014 బండి గడువు 2029లో తీరిపోతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను) కట్టి అయిదేళ్లకు పొడిగించుకోవచ్చు, కాదనను. కానీ పెట్టిన డబ్బు రాకముందే ఆ తిరుగుడు మొదలవుతుంది, అమ్ముదామంటే ధర పలకదు. వ్యాగన్ ఆర్‌కి 2031 దాకా ఆ టెన్షన్ లేదు.

డీజిల్‌కి మీ తొమ్మిది కిలోమీటర్లు కూడా పడవు. ఇంజన్ వేడెక్కి కుదురుకునేలోపే బడి వచ్చేస్తుంది, బండి ఆగిపోతుంది. రోజూ ఇలాగే నడిస్తే ఈజీఆర్ వాల్వులో (పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మసి పేరుకుంటుంది, పికప్ పడిపోతుంది. పైగా లక్ష దాటిన బండి. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లో, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోనో ఒక్కసారి పనిపెట్టాయంటే మీరు ఏడాదంతా మిగుల్చుకున్నది ఒక్క బిల్లుకే చాలదు.

సార్ మాట ఒకప్పుడైతే నిజమే. 2012 ప్రాంతంలో పెట్రోల్‌కీ డీజిల్‌కీ లీటరుకు పాతిక రూపాయల పైనే తేడా ఉండేది, జనం డీజిల్ స్విఫ్ట్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద అదుపు ఎత్తేశాక ఆ తేడా కరిగిపోయింది. జనం నోట్లో మాత్రం పాత లెక్కే నడుస్తోంది.

వ్యాగన్ ఆర్‌ని కూడా గుడ్డిగా తీసుకోకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే (వేడి మీద అస్సలు వద్దు, మొహం కాలుతుంది) రేడియేటర్ మూత తీసి చూడండి. లోపల ఆకుపచ్చగానో ఎర్రగానో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కనిపించాలి. తుప్పు రంగు నీళ్లు, మూత అంచున తెల్లటి పొక్కు కనిపిస్తే బోరు నీళ్లు పోసి నడిపారన్నమాట. మన నల్లగొండ బోరు నీళ్ల సంగతి నేను మీకు చెప్పాలా? ఇంట్లో గీజరు కాయిల్‌కి పట్టే ఉప్పే ఇంజన్ లోపల కూడా పడుతుంది. అలాంటి బండి ఎండాకాలం హైదరాబాద్ రోడ్డు మీద హీటెక్కి ఆగిపోతుంది. తర్వాత పెడల్ రబ్బర్లు చూడండి. మీటర్లో 62 వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే ఆ మీటర్‌ని నమ్మొద్దు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 3416 అంటే 2016లో 34వ వారం తయారీ. ఇంకా ఆ టైర్లే ఉంటే గాట్లు బాగున్నా మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఒక్క మాట, ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2016 బండి దానికోసం చేసింది కాదు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, అందుకే పైన 17 అని కాస్త తగ్గించే వేశాను. పెట్రోల్ పైపులు, రబ్బరు సీళ్లు ఒకసారి మెకానిక్‌కి చూపించి, పగుళ్లుంటే మార్పించేయండి.

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ఇన్సూరెన్స్ పని మీద నాగర్‌కర్నూల్, అచ్చంపేట, వనపర్తి, గద్వాల తిరుగుతుంటాను. నెలకు 2,300 కిలోమీటర్లు తక్కువ కాదు. పాత డీజిల్ కొనొద్దని అందరూ భయపెడుతున్నారు.

జవాబు: తమ్ముడూ, నువ్వు డీజిలే కొను. పైన టీచరమ్మకి చెప్పిన లెక్కే నీకు వేస్తే నెలకు మూడున్నర వేలు మిగులుతుంది. ఎక్కువ పెట్టిన డబ్బు రెండేళ్లలోపే వస్తుంది. రోజూ దూరం తిరిగే బండికి మసి బెడద కూడా తక్కువ.

మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌లో బీఎస్6 (బండి పొగ మీద పెట్టిన కొత్త నిబంధన) రాగానే డీజిల్ కార్లు ఆపేశారు. అందుకని 2017 నుంచి 2019 మధ్య స్విఫ్ట్ గానీ డిజైర్ గానీ వెతుకు. వాటిలో ఉండేది ఫియట్ వాళ్ల 1248 సీసీ ఇంజన్. రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, అన్నింటిలో అదే కాబట్టి దాన్ని విప్పని మెకానిక్ మన జిల్లాల్లో దొరకడు. సామాన్లకీ ఇబ్బంది లేదు.

చూడ్డానికి పొద్దున్నే వెళ్లు, వస్తున్నానని ముందు చెప్పకు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నీకంటే ముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారు, సాయంత్రం దాకా ఆగి మళ్లీ చూడు. చల్లగా ఉంటే తాళం తిప్పు, మీటర్లో పసుపుపచ్చ స్ప్రింగ్ బొమ్మ ఆరనివ్వు, అప్పుడు సెల్ఫ్ కొట్టు. ఒక్క దెబ్బకి అందుకోవాలి. రెండు నిమిషాలయ్యాక, ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత మెల్లగా తీసి పైన ఊరికే పెట్టు. మూత కొద్దిగా వణికితే ఫరవాలేదు. ఎగిరెగిరి పడుతూ గుప్పుగుప్పున పొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టే, ఎంత తగ్గించినా వద్దను. సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చినా అంతే. రేజ్ చేసినప్పుడు ఒకసారి నల్లగా వస్తే దానికి భయపడకు. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీ) మీద ఆయిల్ నల్లగా ఉందని కూడా బేరం వదులుకోకు, డీజిల్‌లో ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది.

ప్రశ్న: సూర్యాపేటలో ఒకాయన ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న డీజిల్ కారు ఇక్కడి ధరలో సగానికే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాటంది. చవక ధరకి అదొక కారణం. దొంగబండే అని నేననను. కానీ ఆ బండికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) రావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అప్పుగానీ ఉంటే ఫైనాన్స్ వాళ్ల క్లియరెన్స్ కావాలి. అవన్నీ అమ్మేవాడే చేయించి, బండి తెలంగాణ నంబరుతో నీ పేరు మీదకి వచ్చాకే మిగతా డబ్బు ఇస్తానను. ఒప్పుకుంటే బండి చూడ్డానికి వెళ్లు, లేకపోతే పెట్రోల్ ఖర్చు కూడా దండగ.