ఒకే జవాబుకు ఐదుగురి మార్కులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో దిద్దడం గురించే. అన్నింటికీ విడిగా జవాబు రాయడం కుదరదు కాబట్టి నాలుగు తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. నర్సంపేట దగ్గర ఒక హైస్కూల్లో అకడమిక్ కోఆర్డినేటర్‌ని. ఈ ఏడాది నుంచి ప్రాజెక్టు పనులు, రాతపనులు ఆన్‌లైన్‌లో రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులు వేయాలో వరుసలుగా, గడులుగా రాసుకున్న పట్టిక) పెట్టి దిద్దిస్తున్నాం. ఆ రూబ్రిక్ నేనే తయారుచేశాను. టీచర్ల అభిప్రాయం తీసుకుందామని గూగుల్ ఫామ్ పంపితే 18 మందిలో 11 మంది నింపారు, అందరూ ‘బాగుంది’ అనే రాశారు. పేరెంట్స్ మీటింగ్‌లో మాత్రం ఎ సెక్షన్‌కూ బి సెక్షన్‌కూ మార్కుల్లో ఇంత తేడా ఎందుకని నిలదీశారు. నా దగ్గర జవాబు లేదు. ఫామ్‌లో ఇంకా ఏం అడగాల్సింది?

జవాబు: కోఆర్డినేటర్ గారూ, బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లను కూర ఎట్లుందని అడిగితే ఏం చెప్తారు? తోటి టీచర్ రాత్రిళ్లు కూర్చుని చేసినదాన్ని బాగాలేదని రాయడానికి ఎవరికీ మనసొప్పదు. పైగా ఫామ్ నింపేటప్పటికి వాళ్ల కళ్ల ముందు రూబ్రిక్ ఉండదు, పిల్లల జవాబు అసలే ఉండదు. అందుకని అభిప్రాయం అడగడం పక్కనపెట్టి వాళ్లకు పని ఇవ్వండి. నలుగురు పిల్లల ప్రాజెక్టులు తీసుకోండి, పేర్లు కనపడకుండా ఫొటోలు తీయండి, అవే నాలుగూ టీచర్లందరికీ పంపి ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా దిద్దమనండి. తర్వాత వరుసల వారీగా మార్కులన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఎక్కడ ఒకరు 4 వేసి ఇంకొకరు 1 వేశారో ఆ వరుస రాయడంలోనే లోపం ఉందని ముందుగా అనుకోండి, టీచర్‌ను తర్వాత అనుమానించొచ్చు.

నేను చూసింది చెప్తాను. పోయినేడు పరకాల వైపు ఒక స్కూల్లో ఐదుగురు తెలుగు టీచర్లతో ఇట్లాగే కూర్చున్నాం. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల ఊరి చెరువు మీద ప్రాజెక్టు రాసింది. గీతల్లేని తెల్ల కాగితం, అంచున పెన్సిల్‌తో చెరువు బొమ్మ, అందులో తూము ఎక్కడుందో బాణం గుర్తు. ‘చెర్వు నిండితే మత్తడి దుంకుతది. మా తాత అప్పుడు చాపలకు పోతడు. తూము కాడ పూడిక తీసి మూడేండ్లయింది, అందుకే కింది పొలాలకు నీళ్లు సక్కగ పోతలేవు’ అని రాసింది (మత్తడి అంటే చెరువు అలుగు). రూబ్రిక్‌లో ‘భాష చక్కగా ఉంది’ అని ఒక వరుస ఉంది, దానికి 4 మార్కులు. ఐదుగురూ వేసినవి వరసగా 4, 4, 3, 1, 1.

ఒకటి వేసిన మేడమ్‌ను అడిగితే ఇది రాసే భాష కాదు కదండీ అన్నారు. నాలుగు వేసిన సార్ లేచి నిలబడి, కారణం ఇదీ ఫలితం ఇదీ అని ఇంత తేటగా చెప్పిన పిల్ల తరగతిలో ఇంకెవరున్నారు చూపించండి అన్నారు. ఇద్దరూ నిజాయితీగానే దిద్దారు, కాకపోతే ‘చక్కగా’ అనే ఒక్క మాటను ఒకరు ఒక రకంగా, ఇంకొకరు ఇంకో రకంగా చదువుకున్నారు. ఆ వరుసను రెండు చేశాం. ఒకటి, కారణమూ ఫలితమూ తెలిసేలా చెప్పిందా. రెండోది, వాక్యాలు పూర్తయ్యాయా, చదివితే అర్థమవుతోందా. కింద ఒక సూచన కూడా రాశాం, ఇంటి మాట వాడినందుకు మార్కు తగ్గించకూడదని. ఆ ఒక్క సూచనకే గంట వాదన నడిచింది. నా మటుకు నాకు అందులో రెండో మాట లేదు. మత్తడిని ఆ పిల్ల మత్తడి అనక ఇంకేమనాలి? రెండు వారాల తర్వాత వేరే నాలుగు ప్రాజెక్టులు ఇచ్చి మళ్లీ దిద్దిస్తే ఆ వరుసల్లో ఎవరికీ ఎవరికీ ఒక్క మార్కుకు మించి తేడా రాలేదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు, కొత్తదీ కాదు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఇంగ్లీష్ జవాబుపత్రాలను 142 మంది టీచర్లతో దిద్దిస్తే ఒకే పేపర్‌కు వందకు 50 నుంచి 97 దాకా వచ్చాయి. లెక్కలకైతే ఈ గొడవ ఉండదులే అన్నవాళ్ల కోసం మరుసటేడు జామెట్రీ పేపర్‌తో చేశారు, అందులో తేడా ఇంకా పెరిగింది. మన పదో తరగతి స్పాట్‌లో, అంటే పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దే చోట, పేపర్ ముట్టుకునే ముందు జవాబుల కీ మీద అందరూ కూర్చుని చర్చించుకునేది కూడా ఇందుకే, స్పాట్‌కు వెళ్లొచ్చిన మీ టీచర్లను అడిగితే ఆ చర్చలో ఎన్ని సందేహాలు తేలుతాయో చెప్తారు.

ఇక ఫామ్ పంపాలనే ఉంటే, దిద్దిన రోజునే పంపి మూడే అడగండి. ఏ వరుస దగ్గర ఆగిపోయి ఆలోచించారు, ఏ పిల్లవాడి జవాబు ఏ గడిలోనూ పట్టలేదు, ఏ వరుసను అసలు చదవకుండానే మార్కు వేసేశారు. మూడోదానికి నిజం చెప్పేలా మీరు వాళ్లకు ధైర్యం ఇవ్వగలిగితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఎవరూ చదవని వరుసను దిద్దుకోవాల్సిన పని లేదు, తీసేస్తే సరిపోతుంది. ఫామ్ నింపని ఆ ఏడుగురినీ వదలకండి. చాలాసార్లు వాళ్లే ఎక్కువ పీరియడ్లు ఉన్నవాళ్లు. లంచ్ టైమ్‌లో వాళ్ల పక్కన కూర్చుని, ఫోన్ తెరిచి ఒక్క ప్రాజెక్టు నా ముందు దిద్దండి అని అడగండి, మీరేం మాట్లాడకుండా చూడండి. వేలు ఎక్కడ ఆగుతుందో అక్కడ రాసుకోండి.

ప్రశ్న: మేడమ్, నేను హనుమకొండలో ఆరో తరగతికి చెప్తాను. మా స్కూల్లో కొత్త ఆన్‌లైన్ రూబ్రిక్ మీద అభిప్రాయాలు వాట్సాప్ గ్రూపులో అడిగారు. హెచ్‌ఎం సార్ ముందే బాగుందని పెట్టారు, ఆ కింద అందరూ దండాలు, థంబ్స్ అప్‌లు. నాకు 44 మంది పిల్లలు, ఆరు వరుసలు, అంతా ఫోన్‌లోనే. పక్కకు జరుపుతూ దిద్దడం చాలా కష్టంగా ఉంది. చెప్తే పని ఎగ్గొట్టడానికి అంటున్నారని అనుకుంటారేమోనని టెన్షన్. ఎలా చెప్పాలి?

జవాబు: మీ భయం నాకు బాగా తెలుసు. నేను పనిచేసిన ఒక స్కూల్లో స్టాఫ్ మీటింగ్‌లో మార్కుల రిజిస్టర్ గురించి ఒక మాట అన్నందుకు మరుసటి వారం నుంచి నాకు రోజూ ఆఖరి పీరియడ్ పడింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆ మీటింగుల్లో ఎవరూ నోరు తెరవలేదు, నేనూ తెరవలేదు. ఇప్పటికీ అది తలచుకుంటే బాధగానే ఉంటుంది.

అందుకని కష్టంగా ఉంది అని రాయకండి, లెక్క రాయండి. 44 మందికి ఆరు వరుసలంటే 264 సార్లు వేలితో నొక్కాలి. ఒక్కోదానికి 15 సెకన్లు అనుకున్నా 66 నిమిషాలు, అదీ జవాబు చదివే టైమ్ కలపకుండా. నాలుగు సెక్షన్లు ఉన్న టీచర్‌కు నాలుగు గంటల 24 నిమిషాలు. రాత్రి పదిన్నరకు ఇంట్లో వంటా గిన్నెలూ అయ్యాక ఫోన్ పట్టుకున్న మనిషి ముప్పయ్యో పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి అన్ని వరుసల్లోనూ మధ్య గడే నొక్కుతుంది, అది ఆమె తప్పు కాదు. ఇంకో లెక్క కూడా పెట్టండి. మన ఎఫ్‌ఏలో, అంటే బడిలోనే చేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, 20 మార్కులు నాలుగు భాగాలు కదా, ప్రతిస్పందనలు, రాతపని, ప్రాజెక్టు, లఘు పరీక్ష, ఒక్కోదానికి 5. అంటే ప్రాజెక్టుకు ఉన్నదే 5. ఆరు వరుసలు, వరుసకు 4 చొప్పున 24కు వేసి చివరికి దాన్ని 5కు కుదిస్తున్నారు. 24కు 17 వచ్చిన పిల్లకూ 19 వచ్చిన పిల్లకూ చివరికి పడేది 4 మార్కులే. మూడు వరుసలు సరిపోయే చోట ఆరు ఎందుకని ఈ లెక్కే అడుగుతుంది, మీరు అడగక్కర్లేదు.

ఈ పేజీ చదివే హెచ్‌ఎంలకు ఒక విన్నపం. అభిప్రాయం అడిగేది గ్రూపులో వద్దు. పేర్లు లేని చీటీలు రాయించండి, అందరికీ నమ్మకమున్న ఒక సీనియర్ టీచర్ చేతికి ఇమ్మనండి, ఆమె వాటిని తన అక్షరాలతో ఒక కాగితం మీదికి ఎక్కించి మీకు ఇస్తుంది. చేతిరాత గుర్తుపడతారన్న భయం కూడా ఉండదు. మీ మాట మాత్రం ఆఖరున చెప్పండి.

ప్రశ్న: రూబ్రిక్ అంటే అసలు అర్థం ఏంటండీ? తెలుగులో ఏమనాలి? (బీఈడీ విద్యార్థిని, కాజీపేట)

జవాబు: లాటిన్‌లో రుబ్రికా అంటే ఎర్రమన్ను, మన ఇళ్లల్లో పండుగకు గోడలకూ అరుగులకూ పూసే జాజు లాంటిది. పాత చేతిరాత పుస్తకాల్లో శీర్షికలూ సూచనలూ ఆ ఎర్రరంగుతో రాసేవారు, అక్కడి నుంచి సూచన అనే అర్థం వచ్చి, అటు తిరిగి ఇటు తిరిగి మన మార్కుల పట్టికకు చేరింది. తెలుగులో మార్కుల కొలమానం అనొచ్చు. స్టాఫ్ రూమ్‌లో అందరూ రూబ్రిక్ అంటున్నప్పుడు మీరూ అదే అనండి, ఏం ఫర్వాలేదు. గడుల్లో రాసే వాక్యాలు మాత్రం తెలుగు మీడియం పిల్లలకు తెలుగులోనే ఉండాలి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. జమ్మికుంటలో సైన్స్ టీచర్‌ని. ఎఫ్‌ఏ-2 ప్రాజెక్టులు సగం దిద్దాక ‘సృజనాత్మకత’ అనే వరుసలో లోపం ఉందని టీచర్లందరం ఒప్పుకున్నాం. వెంటనే మార్చేయొచ్చా? మార్చాలంటే టీచర్లను అడిగితే చాలా, ఇంకెవరినైనా అడగాలా?

జవాబు: మధ్యలో మార్చకండి సార్. సగం మందిని ఒక తక్కెడలో, మిగతా సగాన్ని ఇంకో తక్కెడలో తూచినట్టు అవుతుంది. మూడుల్ (Moodle) లాంటి ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్లలో దిద్దడం మొదలైన రూబ్రిక్‌ను మార్చబోతే, ఇదివరకు వేసిన మార్కులను మళ్లీ చూడాలా అని అదే ఆపి అడుగుతుంది, అంటే మార్చినవాళ్లు మొదటి పేపర్ నుంచి మళ్లీ దిద్దడానికి సిద్ధపడాలి. ఈసారికి ఆ వరుసను ఎలా చదవాలో అందరూ కలిసి ఒక్క వాక్యంలో ఒప్పుకోండి, ఇప్పటికే దిద్దిన సగంలో ఆ ఒక్క వరుసనే మళ్లీ చూడండి, అసలు మార్పు ఎఫ్‌ఏ-3కు పెట్టండి. మార్చిన రూబ్రిక్ మీద తేదీ వేయండి. టీచర్లు చెప్పినవాటిలో ఏది తీసుకున్నారో, ఏది తీసుకోలేదో, ఎందుకో ఒక పేజీ రాసి స్టాఫ్ రూమ్‌లో అంటించండి. చెప్పిన మాట ఎటుపోయిందో తెలియకపోతే రెండోసారి ఎవరూ చెప్పరు, ఇది ఎన్నిసార్లు చూశానో.

రెండో ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషం. పిల్లలను అడగండి. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఆ వరుసలు చదివి వినిపించి, దీనికి మార్కులు రావాలంటే నువ్వేం చేస్తావు అని అడిగితే చాలు. మీరు చెప్పిన ఈ సృజనాత్మకత వరుసే నేనూ ఒకసారి ఎనిమిదో తరగతి అబ్బాయి ముందు పెట్టాను. వాడు కాసేపు ఆలోచించి ‘మెరుపు కాగితాలు అంటియ్యాలె మేడమ్, మా ఇంట్ల లెవ్వు’ అన్నాడు. నేను నెల రోజులుగా దిద్దిన ప్రాజెక్టులు తిరగేసి చూసుకుంటే వాడి మాట నిజమే. స్కెచ్ పెన్నులు, చార్టులు, రంగు ప్రింటవుట్లు ఉన్నవాటికే నా చేత్తో నేను ఎక్కువ వేశాను. మిగతా టీచర్లను కూడా చూసుకోమంటే వాళ్లదీ అదే కథ. ఆ వరుస తీసేసి, ‘తను స్వయంగా చూసింది గానీ, ఎవరినైనా అడిగి తెలుసుకున్నది గానీ ఇందులో ఉందా’ అని రాసుకున్నాం. తర్వాతి ఎఫ్‌ఏకు ఆ అబ్బాయి వాళ్ల నాన్నతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి, మిర్చి బస్తాను తూకం వేసే దగ్గర నిలబడి, తడి ఉంటే ఎంత బరువు తగ్గిస్తారో అడిగి రాసుకొచ్చాడు, రెండు పేజీలు, నీలం పెన్నుతో.