జ్వరం తగ్గిందని పరుగుకు పోవద్దు నాయనా

కర్నూలు

చిరంజీవి నాయనకు పెద్దమ్మ ఆశీస్సులు.

పది రోజుల కిందట నీకు జ్వరం వచ్చి తగ్గిందనీ, కానిస్టేబుల్ ఎంపికలో ఉండే 1600 మీటర్ల పరుగు కోసం రేపటి నుంచి మళ్లీ తెల్లవారుజామునే అనంతపురం పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) మైదానానికి వెళ్తావనీ మీ అమ్మ చెప్పింది. మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోందనీ, రాత్రి పడుకుంటే గుండె దడగా ఉంటోందనీ కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు. ఆసుపత్రి వార్డుల్లో ముప్ఫై ఏళ్లు నర్సుగా పనిచేసినదాన్ని కనుక చెబుతున్నాను, రేపు మైదానానికి వెళ్లవద్దు.

కాక్సాకీ, ఫ్లూ, కోవిడ్, వానాకాలంలో మన దగ్గర వచ్చే డెంగీ, వీటిలో ఏ వైరస్ అయినా అరుదుగా గుండె కండరం దాకా పోతుంది. కొంత హాని వైరస్ చేస్తే, దానిని చంపబోయిన మన రోగనిరోధక శక్తే గుండె కణాలను కూడా దెబ్బతీసి మరికొంత చేస్తుంది. అందువల్లనే జ్వరం విడిచిన వారానికో రెండు వారాలకో గుండె కండరంలో వాపు బయటపడుతుంది. డాక్టర్లు దీనిని మయోకార్డైటిస్ అంటారు. చాలామందికి పూర్తిగా నయమవుతుంది, ఆ భయం పెట్టుకోకు. అయితే వాచిన గుండెతో పరుగెత్తితే దాని లయ తప్పి మనిషి ఉన్నచోటే కుప్పకూలే ప్రమాదం ఉంది. నీ వయసు మగపిల్లల్లోనే ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక రాత్రి మా వార్డుకు వచ్చిన కుర్రవాడు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాడు. వెల్లకిలా పడుకోలేక, దిండును పొట్టకు హత్తుకొని ముందుకు వంగి కూర్చున్నాడు. అలా వంగితే నొప్పి తగ్గుతోందన్నాడు. గుండె పైపొర కూడా వాచినప్పుడు అలాగే ఉంటుంది. ఇంట్లో మూడు రోజులు గ్యాస్ అనుకొని సోడా తాగించారట. ఈసీజీ కోసం ఛాతీ మీద రబ్బరు బుడ్డలు పెడుతుంటే చెమటకు జారిపోతూనే ఉన్నాయి. బతికాడు, కానీ ఆ మూడు రోజులు వృథాగా పోయాయి.

నీవు ఈరోజే డాక్టరు దగ్గరకు వెళ్లి, అడగకపోయినా సరే, జ్వరం వచ్చి తగ్గిన సంగతి ముందుగా చెప్పు. ఈ వాపు ఉన్నా ఈసీజీ ఒక్కోసారి మామూలుగానే వస్తుంది కాబట్టి గుండె కండరం దెబ్బతిందేమో తెలిపే ట్రోపోనిన్ రక్తపరీక్ష, గుండెకు చేసే స్కానింగ్ ఎకో కూడా అవసరమా అని అడుగు. అనుమానం మిగిలితే గుండె ఎంఆర్ఐ రాస్తారు. మెడికల్ షాపులో నీ అంతట నీవు నొప్పి మాత్రలు కొని వేసుకోవద్దు. జబ్బు ఉన్నట్టు తేలితే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల దాకా పరుగు, జిమ్ వద్దంటారు. ఆ తరువాత మళ్లీ పరీక్షలు చేసి డాక్టరు సరేనన్నాకే మైదానం. ఈలోగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా బైకు మీద బయలుదేరకుండా 108కి ఫోన్ చేయించు.

జ్వరమప్పటి రక్తపరీక్ష చీటీలు వెంట తీసుకువెళ్లు. ఈసీజీ కాగితం ఫోటో తీసి సాయంత్రానికి నాకు పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ