బైపాస్ చేయని ఆసుపత్రిలో గుండెపోటుకు స్టెంట్ వేయించుకోవచ్చా?

దగ్గర్లోని ఆసుపత్రిలో క్యాత్ ల్యాబ్ (సన్నని గొట్టం పంపి గుండె రక్తనాళాలను చూసి, తెరిచే గది) ఉంది కానీ గుండె ఆపరేషన్లు చేయరు, గుండెపోటు వస్తే అక్కడికి వెళ్లాలా, గంటన్నర దూరంలోని పెద్దాసుపత్రికి పోవాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాను, మా నాన్న విషయంలో ఇదే ఎదురైంది కాబట్టి చెప్తున్నా. ఆ క్యాత్ ల్యాబ్ రాత్రీపగలూ నడిచేదైతే దగ్గరదానికే వెళ్లండి.

రాత్రి రెండింటికి నాన్న గ్యాస్ అంటూ ఛాతీ రుద్దుకుంటూ కూర్చున్నారు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది, అది చూశాకే నాకు అనుమానమొచ్చింది. ఆ దగ్గరి ఆసుపత్రికి వెళ్లగానే ఈసీజీ తీశారు (10 నిమిషాల్లోపు తీయాలట), డ్యూటీ డాక్టర్ కాగితం మీద పైకి లేచిన గీతను పెన్నుతో చూపించి, రక్తనాళం మూసుకుపోయింది, వెంటనే తెరవాలి అన్నారు. ఆస్పిరిన్ నమిలించారు. సంతకం పెట్టమన్న ఫారంలో "ఇక్కడ అత్యవసర బైపాస్ సౌకర్యం లేదు" అని ఒక లైను. చేయి అక్కడే ఆగిపోయింది. ఫోన్లో బావ ఒకటే గొడవ, తేడా వస్తే ఆపరేషన్ చేసే దిక్కు లేని చోట స్టెంట్ ఏంటి, అంబులెన్స్ ఎక్కించు అని. అలా ఇరవై నిమిషాలు పోయాయి. అవి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

బావ భయం ఊరికే పుట్టింది కాదు. 1977లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టర్ మొదలుపెట్టిన, నాళంలో బెలూన్ ఉబ్బించి తెరిచే పద్ధతిలో, తెరిచిన నాళం ఉన్నట్టుండి మళ్లీ మూసుకుపోయి, పేషెంట్‌ని పరుగున ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి వచ్చేది. స్టెంట్లు వచ్చాక అలాంటి అవసరం వందలో ఒకరికి కూడా రావడం లేదు. అమెరికాలో గుండె సర్జరీ లేని 11 ఆసుపత్రుల్లో చేసిన సీ-పోర్ట్ అధ్యయనం 2002లో వచ్చింది. ఆరు నెలల్లో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే యాంజియోప్లాస్టీ (బెలూన్, స్టెంట్‌తో నాళం తెరవడం) చేసినవాళ్లలో 12.4 శాతం, నాళంలోని రక్తపు గడ్డ కరిగించే మందు ఇచ్చినవాళ్లలో 19.9 శాతం.

కాబట్టి సర్జన్ ఉన్నాడా అని కాదు, ఆదివారం అర్ధరాత్రి వస్తే టీమ్ ఎంతసేపట్లో చేరుతుంది అని ఇప్పుడే వెళ్లి అడిగి పెట్టుకోండి. బోర్డు మీద 24 గంటలు అని రాసుంటే నమ్మేయొద్దు. లోపలికి అడుగుపెట్టిన 90 నిమిషాల్లో నాళం తెరవాలన్నది లెక్క. ఆపరేషనే కావాల్సి వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు, అంబులెన్స్ ఎవరిది అని కూడా అడగండి.

అసలు క్యాత్ ల్యాబే లేని చోటికి చేరితే, 120 నిమిషాల్లోపు వేరే చోట నాళం తెరిపించగలిగితే షిఫ్ట్ చేస్తారు. లేదంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అరగంటలోపే ఇచ్చేసి, ఆ తర్వాత పంపాలి. ఇంతకుముందు మెదడులో రక్తస్రావం, ఈమధ్య పక్షవాతం లాంటివి ఉంటే అడక్కముందే చెప్పండి, వాళ్లకి ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది కదా అని ఇంటికి తీసుకొచ్చేయకండి, యాంజియోగ్రామ్ చేయగలిగే ఆసుపత్రికి చేరాల్సిందే.

నాన్నకి అక్కడే నాళం తెరుచుకోగానే నొప్పి దిగిపోయిందట, బయటికి తెచ్చాక మొదట అడిగింది కళ్లజోడు. ఇంకో రెండు నాళాల్లోనూ బ్లాకులుండటంతో మూడు వారాల తర్వాత వేరే ఆసుపత్రిలో, తీరిగ్గా డేట్ చూసుకుని, బైపాస్ చేయించాం. "చూశావా, చివరికి ఆపరేషనే చేయించాల్సి వచ్చింది" అని బావ ఇప్పటికీ అంటూనే ఉంటారు.