128 బైట్ల లెక్క ఎక్కడిది?

ప్రశ్న: మైక్రోకంట్రోలర్ బోర్డులోకి ఎక్స్‌మోడెమ్ అనే పద్ధతితో (ఒకప్పుడు ఫోన్ లైన్ల మీద ఫైళ్లు పంపడానికి వాడినదే) ఫైలు పంపుతుంటే 128 బైట్ల ముక్కలుగానే వెళ్తోంది. 1000 బైట్ల ఫైలు అవతలికి చేరేసరికి 1024 అయింది. చివర్లో అదనంగా చేరిన బైట్లన్నీ 1ఏలే (హెక్స్ లెక్కలో). ఈ 128 ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఫోన్ లైన్లో గోల ఎంతుంటుంది, దానికి ఎంత ముక్కయితే మేలు అని ఎవరో లెక్క గట్టి పెట్టారనుకుంటారు చాలామంది. అదేం లేదమ్మా, అది ఫ్లాపీ కొలత. 1977లో వార్డ్ క్రిస్టెన్సెన్ ఈ పద్ధతి రాసింది సీపీ/ఎం అనే ఆనాటి ఆపరేటింగ్ సిస్టమ్ మీద. అప్పటి 8 అంగుళాల ఫ్లాపీలో సెక్టారు, అంటే ఒక్కసారికి చదివే ముక్క, 128 బైట్లు. ఒక సెక్టారు చదవడం, పంపడం, అవతలివైపు 'అందింది' అనగానే ఇంకోటి తీయడం, అంతే. తొందరలో రాసి పడేశానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

మీ 1ఏల సంగతీ అక్కడిదే. ఫైల్లో ఎన్ని రికార్డులున్నాయో (అవే 128 బైట్ల ముక్కలు) సీపీ/ఎంకు తెలుసు గానీ, ఆఖరి రికార్డులో అసలు సరుకెంతో తెలీదు. అందుకే టెక్స్ట్ ఎక్కడ అయిపోయిందో చెప్పడానికి కంట్రోల్-జెడ్, అంటే 1ఏ, పెట్టేవారు. మీ 1000 బైట్లకు 8 ముక్కలు కావాలి. మిగిలిన 24 బైట్లనూ దాంతోనే నింపేశారు.

కొలత ఫ్లాపీదైనా, ఆనాటి మోడెమ్‌కు బాగానే కుదిరింది. ముందు మూడు బైట్లు, వెనక తప్పుల్ని పట్టే చెక్‌సమ్ బైటు ఒకటి కలిపితే ముక్క 132. 300 బాడ్ వేగమంటే సెకనుకు 30 అక్షరాలు, కాబట్టి ముక్కకు 4.4 సెకన్లు. జవాబు కోసం అరసెకను ఆగినా పోయేదేం లేదు. అదే 2400 బాడ్‌కు వచ్చేసరికి ముక్క అరసెకనులో వెళ్లిపోతుంది, ఆ తర్వాత జవాబు కోసం ఇంకో అరసెకను ఊరికే కూర్చోవాలి. ఎక్స్‌మోడెమ్‌ను పెంచి చక్ ఫోర్స్‌బర్గ్ చేసిన వైమోడెమ్‌లో 1024 బైట్ల ముక్కలు వచ్చింది ఇందుకే. 2400 మీద దానికి పట్టేది మళ్లీ ఆ నాలుగు సెకన్లే, చూడండి!

కొలంబియా యూనివర్సిటీలో 1981లో పుట్టిన కెర్మిట్ అనే మరో ఫైలు పంపే పద్ధతిది ఇంకో దారి. అవతల మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల భారీ కంప్యూటర్) ఉండొచ్చు, లైను ఏడు బిట్లే మోయొచ్చు, కంట్రోల్ అక్షరాలను మధ్యలోనే మింగేయొచ్చు. అందుకని ప్యాకెట్ పొడవును కూడా అచ్చయ్యే ఒక్క అక్షరంలోనే చెప్పారు. దాంతో గరిష్ఠం 94కు ఆగింది. పెద్ద ప్యాకెట్లు, జవాబు కోసం ఆగకుండా పంపడం తర్వాత వచ్చాయి గానీ, అడిగితే తప్ప వాడేది కాదు. సెట్టింగులు ముట్టుకోనివాళ్లంతా కెర్మిట్ నత్తనడక అని తేల్చేశారు. నన్నడిగితే అది అన్యాయం. ఎలాంటి లైను మీదైనా ముందు ఫైలు చేరాలి కదా.

మీ బోర్డులో ఫైలు అందుకునే బూట్‌లోడర్ ప్రోగ్రాంకు వైమోడెమ్ తెలిస్తే టెర్మినల్లో అది ఎంచుకోండి. మొదటి ముక్కలోనే ఫైలు పేరుతోపాటు సైజూ వెళ్తుంది కనుక, అవతలివైపు ఆ 1ఏలను కత్తిరించుకోవచ్చు.