ఊరివాళ్ల కథలతోనే నాటకం వేయడం కుదురుతుందా?

రెడీమేడ్ స్క్రిప్టు, పేరున్న నటులు లేకుండా ఊరి జనం అనుభవాలతోనే నాటకం ఎలా తయారవుతుందన్నది ప్రశ్న. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని కాల్‌క్విట్ అనే చిన్న ఊరు ఇందుకు మంచి ఉదాహరణ. 1990ల మొదట్లో అక్కడ 'స్వాంప్ గ్రేవీ' అనే నాటకం మొదలైంది. చేపలు వేయించాక మూకుడులో మిగిలిన నూనెలో టమాటా, ఉల్లి, బంగాళదుంప లాంటివి, చేతికందినవి వేసి వండే పులుసు పేరు అది. నాటకానికి భలే కుదిరిన పేరు!

పని మొదలయ్యేది రిహార్సల్‌తో కాదు, వినడంతో. వాలంటీర్లు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేస్తారు. వాటిని జో కార్సన్ అనే రచయిత్రి సన్నివేశాలుగా అల్లారు, రిచర్డ్ గీర్ దర్శకత్వం వహించారు. నటులు మాత్రం ఊరివాళ్లే: నల్లవాళ్లు, తెల్లవాళ్లు, పిల్లలు, తాతలు. వేదిక ఒక పాత పత్తి గోదాము.

నా ఉద్దేశంలో అసలు టెన్షన్ నటన దగ్గర రాదు. చిన్న ఊళ్లో పేరు మార్చినా అది ఎవరి కథో అందరికీ తెలిసిపోతుంది. అందుకే కథ చెప్పిన మనిషి అనుమతి ముందే తీసుకోవాలి. పొగడ్తలే ఏరుకుంటే నాటకం సన్మాన సభలా తయారవుతుంది. కాస్త చేదు కూడా ఉండనివ్వాలి.