మొదటి నవల సగంలో ఆపేసినవాళ్లు ‘ది వాంపైర్ లెస్టాట్’ చదవొచ్చా?

ఆన్ రైస్ ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’ సగంలో ఆపేశాను, రెండోది అంతకంటే బాగుంటుందా, నేరుగా అదే మొదలుపెట్టొచ్చా అని అడిగారు. బాగుంటుంది, చాలా తేడా ఉంటుంది. కానీ మొదటిది పూర్తిచేసే వెళ్లండి.

నేనూ మీలాగే ఆపేసినదాన్నే. 1976లో వచ్చిన ఆ నవలంతా లూయీ అనే వాంపైర్ ఒక గదిలో కూర్చుని కుర్ర విలేఖరికి చెప్పుకునే గోడు. రక్తం తాగుతాడు, కుమిలిపోతాడు, మళ్లీ తాగుతాడు, మళ్లీ కుమిలిపోతాడు. కథ పారిస్ చేరేసరికి నా ఓపిక అయిపోయింది. క్లాడియా ఉన్న పేజీలు మాత్రం వేరు. చిన్నప్పుడే వాంపైర్ అయిపోయి, ఎన్నేళ్లు గడిచినా చిన్నపిల్ల ఒంట్లోనే ఉండిపోవాల్సిన మనిషి. రైస్ కూతురు ఆరేళ్లు నిండకముందే, 1972లో, లుకేమియాతో పోయిందని, ఆ తర్వాతే ఈ నవల రాసిందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పేజీలు మళ్లీ తిరగెయ్యాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

1985లో వచ్చిన రెండో నవలలో మొదటిదాంట్లో లూయీని వాంపైర్‌ని చేసిన దుర్మార్గుడు లెస్టాటే కథ చెప్తాడు. లెస్టాట్ 1984లో నేలలోంచి లేచొచ్చి, ఒక రాక్ బ్యాండ్ వాళ్ల దగ్గరికెళ్లి తన పేరు చెప్తే వాళ్లు నవ్వుతారు. ఆ పేరు ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’ పుస్తకంలోది కదా అని! అలా లూయీ తన గురించి ఏం చెప్పాడో అతను చదువుతాడు. ఇక ఊరుకుంటాడా?

అక్కణ్ణుంచి తను వాంపైర్ కాకముందు కథ ఎత్తుకుంటాడు: ఫ్రాన్స్‌లోని ఓవెర్న్ కొండల్లో మంచు, ఎనిమిది తోడేళ్లు, ఒంటరిగా కుర్ర లెస్టాట్. ఆ వేట చదివిన రాత్రి నేను పుస్తకం మూయలేదు. ఇక అతని తల్లి గాబ్రియెల్. క్షయతో చావుకి దగ్గరైన ఆమెను కొడుకే వాంపైర్‌ని చేస్తాడు. మగబట్టలు వేసుకుని జుట్టు కత్తిరించుకుంటుంది, మర్నాటి రాత్రి లేచేసరికి అది మళ్లీ అంత పొడుగూ పెరిగి ఉంటుంది. ఆమె అరుస్తుంది. అమరత్వం అంటే మారడానికి వీల్లేకపోవడం అని లూయీ వందల పేజీల్లో వాపోయినదాన్ని రైస్ ఇక్కడ ఒక్క అరుపులో చెప్పేసింది.

మొదటిది ముందు చదవమనడానికి కారణం ఇది. అందులో లూయీ ఎన్ని ప్రశ్నలు అడిగినా లెస్టాట్ జవాబివ్వడు. వీడికేమీ తెలియదు, ఉత్త మొద్దు అని లూయీతోపాటు మనమూ అనుకుంటాం. తెలిసీ ఎందుకు నోరు విప్పలేదో రెండోదాంట్లో బయటపడుతుంది. ఎవరికి ఏ మాట ఇచ్చాడో నేను చెప్పను. అది తెలిశాక నేను మొదటి నవల మళ్లీ తీశాను. అప్పుడు విసుగెత్తించిన లూయీ ఏడుపు ఈసారి వేరేగా వినిపించింది. పాపం, అతనికి సగమే తెలుసు.

లోపాలు లేవని కాదు. మారియస్ అనే పాతకాలపు వాంపైర్ తన పూర్వకథ ఎత్తుకున్నాక కథలో కథ, దాన్లో మళ్లీ పురాణం. ఆ నలభై యాభై పేజీలు నాకు సాగదీతే. భయం కోసం చదివేవాళ్లకి అసలు నచ్చకపోవచ్చు, వెన్నులో చలి పుట్టించే చోట్లు తక్కువ.

ఇంకోటి, 1988 నాటి మూడో నవల ‘ద క్వీన్ ఆఫ్ ద డ్యామ్‌డ్’ ముందే దగ్గర పెట్టుకోండి. రెండోది సరిగ్గా ఆగకూడని చోట ఆగుతుంది. నేను తెచ్చుకోలేదు, వారం రోజులు టెన్షన్‌తో చచ్చాను.