ప్రేమ, యుద్ధం, యుద్ధఖైదీల జీవితం కలిసిన మంచి నవల ఏదైనా చెప్తారా?

రిచర్డ్ ఫ్లానగన్ రాసిన 'ది నారో రోడ్ టు ది డీప్ నార్త్' చదవండి. 2014లో బుకర్ ప్రైజ్ వచ్చింది. నేను మాత్రం మొదటిసారి పూర్తి చేయలేకపోయాను. డార్కీ గార్డినర్ అనే ఖైదీని తోటివాళ్ళందరి ముందూ నిలబెట్టి కొట్టే అధ్యాయం దగ్గర మూసేసి, మళ్ళీ మూడు నెలలకు గానీ ముట్టుకోలేదు.

డోరిగో ఎవాన్స్ ఆస్ట్రేలియా సైన్యంలో డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళేముందు తన అంకుల్ భార్య ఏమీని ప్రేమిస్తాడు. తర్వాత జపాన్ సైన్యానికి చిక్కి, థాయ్‌లాండ్-బర్మా రైలు మార్గం వేసే క్యాంపులో పడతాడు. 415 కిలోమీటర్ల ఆ లైను 1943 అక్టోబరులో పూర్తయింది. 12 వేలమందికి పైగా యుద్ధఖైదీలు దానికి బలయ్యారు. రచయిత తండ్రి కూడా ఆ లైను మీద పనిచేసిన ఖైదీయే, నంబరు 335. పుస్తకం అంకితమిచ్చింది ఆ నంబరుకే. నవల పూర్తయిందని కొడుకు చెప్పిన రోజే ఆ పెద్దాయన 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

నన్ను వదలనిది ఆ బేరం. ఎంతమందిని పనికి పంపుతావని క్యాంపు నడిపే జపాన్ మేజర్ నకమురా అడుగుతాడు. డోరిగో నంబరు తగ్గించమని బతిమాలతాడు. అయినా చివరికి ఎవరు వెళ్ళాలో వేలు పెట్టి చూపించాల్సింది వైద్యం చేసే ఆయనే. యుద్ధం అయ్యాక దేశమంతా ఆయన్ని హీరో అంటుంది, ఆయనకి మాత్రం ఇంట్లో మనసు నిలవదు.

అది నాకు అర్థమైంది మా పెదతాత వల్ల. శ్రీకాకుళం వైపు నుంచి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళి, 1942లో బర్మా నుంచి నడిచి వచ్చిన మనిషి. ఖైదీ కాదు. కానీ మంచం పక్కన నీళ్ళచెంబు లేకపోతే నిద్రపోయేవారు కాదు. అర్ధరాత్రి లేచి చెంబులో చెయ్యి పెట్టి చూసుకునేవారు. ఆ దారి గురించి ఒక్క మాట చెప్పలేదు.

ఒక్క బాధ ఉంది నాకు. మలయా రబ్బరు తోటల నుంచి మన కూలీలను కూడా ఆ లైనుకు తోలుకుపోయారు. ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆసియా కూలీల చావులు ఖైదీల చావుల కంటే ఎన్నో రెట్లు. కథ ఎక్కువగా ఆస్ట్రేలియన్ల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి వాళ్ళ గోడు ఇందులో దొరకదు.

కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, మొదట్లో కాస్త ఓపిక పట్టండి. చేపల హోటల్ సన్నివేశం దాకా తప్పకుండా చదవండి. అక్కడి తొట్టిలో చేపల్ని వదిలేయాలని డార్కీకి కోరిక. యుద్ధం అయ్యాక అతని స్నేహితులు ఒక రాత్రి ఆ హోటల్ అద్దం పగలగొట్టి, చేపల్ని తీసుకెళ్ళి సముద్రంలో వదులుతారు. తర్వాత సిగ్గుపడి, డబ్బు కట్టడానికి వెళ్తారు. హోటల్ యజమాని, ఒక గ్రీకు ముసలాయన, పైసా తీసుకోడు. కూర్చోబెట్టి చేపలు వడ్డిస్తాడు.

మా పెదతాతను మేమెవరం అలా కూర్చోబెట్టి అడగలేదు.